బుడతకీచుల భాష: విశ్వవిద్యాలయంలో పోర్చుగీసు చదువు

బహిరంగంగా పాట పాడి, ఎక్కువ ధర చెప్పినవాళ్ళకు సరుకు ఇచ్చేయడాన్ని మనం 'వేలం' అంటాం. చేపల దగ్గరి నుంచి బస్టాండు దుకాణాల దాకా అదే మాట. మన పక్కింటి తమిళులు 'ఏలం' అంటారు. మలయాళీలు 'లేలం' అంటారు. హిందీలో 'నీలామ్', బెంగాలీలో 'నిలామ్'. ఈ ఐదు భాషలూ రంగత్ బజారులో ఒకే పూట వినిపిస్తాయి కాబట్టి ఈ పోలిక మీకు తట్టినంత సులువుగా మెయిన్‌లాండ్ పిల్లలకు తట్టదు. ఇంతకీ ఈ మాట ఈ ఐదు భాషల్లో దేనిదీ కాదు. పోర్చుగీసు భాషలో వేలాన్ని 'లైలాఁవ్' అంటారు. మన అందరికీ అక్కడి నుంచే వచ్చింది. పోర్చుగీసువాళ్ళు దాన్ని అరబ్బుల దగ్గర తీసుకున్నారు, అది వేరే కథ. మలయాళంలో మొదటి 'ల' నిలిచింది, తమిళంలో రాలిపోయింది, తెలుగులో ఆ చోట 'వ' వచ్చి కూర్చుంది.

ఇలాంటివి మీ ఇంట్లోనే ఇంకా ఉన్నాయి. గోడవార అల్మారా పోర్చుగీసులో 'అర్మారియు'. ఒళ్ళు తుడుచుకునే తువాలు 'తువాల్య'. బాల్చీ 'బాల్ది'. నూనె పీపా 'పీప'. ఇల్లు కట్టే మేస్త్రీ 'మెస్త్రి', అంటే పనిలో గురువు. బట్టల ఇస్త్రీకి మూలం 'ఇస్తిరార్', అంటే సాగదీసి చాపడం. అనాస పండు అక్కడా 'అననాస్', బొప్పాయి 'పపాయ'. చర్చిలో పాదిరి 'పాద్రి', అంటే తండ్రి. మీ బెంగాలీ మిత్రులను కిటికీని ఏమంటారో అడగండి, 'జానాలా' అంటారు. పోర్చుగీసులో 'జనెల'. మేకును వాళ్ళు 'పెరెక్' అంటారు, అది 'ప్రెగు'.

నాకు అన్నిటికంటే ఇష్టమైన జంట బొత్తాము, కాజా. బొత్తాము పోర్చుగీసు 'బొతాఁవ్'. మరి కాజా? పోర్చుగీసులో 'కాజ' అంటే ఇల్లు. చొక్కాకు బొత్తాము దూరే రంధ్రాన్ని కూడా వాళ్ళు 'ఇల్లు' అనే అంటారు. బొత్తాము ఇంట్లోకి వెళ్ళి కూర్చుంటుందన్న మాట. మన దర్జీ "కాజాలు కుట్టాలి" అన్నప్పుడల్లా తెలియకుండానే ఇళ్ళు కడుతున్నాడు. తాపేశ్వరం కాజాకూ దీనికీ చుట్టరికం లేదు, ఆశపడకండి.

'తాళంచెవి' సంగతి కూడా చెప్పాలి. తాళానికి చెవి ఏమిటి? తాళాన్ని తెరిచే పరికరం పోర్చుగీసులో 'షావి'. ఈ రోజుల్లో వాళ్ళు 'ష' అని పలికే ఆ అక్షరాలను 16వ శతాబ్దంలో 'చ' అని పలికేవారు. తమిళంలోనూ హిందీలోనూ బెంగాలీలోనూ అది 'చావి', 'చాబీ'గా ఉండిపోయింది. మన భాషలో అది దగ్గరగా వినిపించే తెలుగు మాటలోకి ఒదిగి 'చెవి' అయిందని చెబుతారు. నాకిది నమ్మదగినదిగానే తోస్తుంది. లిస్బన్ నగరంలో నాలుగు వందల ఏళ్ళలో మారిపోయిన ఒక శబ్దాన్ని మన ఇళ్ళు అలాగే దాచిపెట్టుకున్నాయి చూడండి.

అయితే ఒక హెచ్చరిక. పోలిక కనిపించిన ప్రతి మాటా పోర్చుగీసు కాదు. కుర్చీ అరబ్బీ నుంచి వచ్చింది. సబ్బు, కమీజు లాంటివి అరబ్బీలోనూ ఉన్నాయి, పోర్చుగీసులోనూ ఉన్నాయి. మనకు ఏ దారిన వచ్చాయో పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు. మాట పోలికతో పాటు అది ఎప్పుడు, ఏ వస్తువుతో, ఏ ఓడ మీద వచ్చిందో కూడా చూడాలి. విశ్వవిద్యాలయంలో భాష చదవడమంటే ఇలాంటి తగువుల్లో న్యాయంగా తీర్పు చెప్పడం నేర్చుకోవడం కూడా.

పాత తెలుగు పుస్తకాల్లో పోర్చుగీసువాళ్ళను 'బుడతకీచులు' అని రాసేవారు. ఈ మాట వినగానే మీకు నవ్వు వస్తుందని నాకు తెలుసు. 'పొర్తుగేష్' అనే వాళ్ళ పేరే మన నోట నలిగి అలా అయింది. బ్రౌను నిఘంటువులో కూడా ఈ మాట ఉంది.

ఈ మాటలు ఇక్కడికి వచ్చిన కాలం మీ చరిత్ర పాఠంలో ఉన్నదే. 1498లో వాస్కో డ గామా కాలికట్ తీరం చేరాడు. 1510లో ఆల్బుకర్క్ గోవాను పట్టుకున్నాడు. అప్పటి నుంచి 1961 డిసెంబరులో మన సైన్యం గోవాను విడిపించే వరకు, నాలుగున్నర శతాబ్దాలు అక్కడ పోర్చుగీసు పాలన సాగింది. గోవా వాళ్ళ రాజధాని మాత్రమే. వర్తకం బంగాళాఖాతం దాకా పాకింది. కోరమండల్ రేవుల్లోనూ హుగ్లీ నది మీదా వాళ్ళు స్థిరపడ్డారు. వాళ్ళ తర్వాత వచ్చిన డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కూడా మన రేవుల్లో బేరం చేయడానికి చాలాకాలం విరిగిన పోర్చుగీసులోనే మాట్లాడవలసి వచ్చింది. బెంగాలీ భాషకు అచ్చయిన మొదటి వ్యాకరణం, పదకోశం 1743లో లిస్బన్‌లో వెలువడ్డాయి. రాసినవాడు మనుయెల్ ద అసుంప్సావ్ అనే పాదిరి. మన దేశంలో మొదటి అచ్చు యంత్రం 1556లో గోవాలో దిగింది.

మాటలు అటు నుంచి ఇటే రాలేదు. మన మామిడి 'మంగ'గా, పనస 'జాక'గా పోర్చుగీసులోకి వెళ్ళాయి. రెండూ దక్షిణాది మాటలే. జ్వరం వస్తే పోర్చుగల్‌లోనూ బ్రెజిల్‌లోనూ కోడిమాంసం, బియ్యం వేసి కాచిన పల్చని చారు ఇస్తారు. దాని పేరు 'కంజ'. మన గంజే!

*రాయలవారిని చూసినవాడు*

ఇంతవరకూ చెప్పింది సరదా. ఇప్పుడు అసలు సంగతి.

శ్రీకృష్ణదేవరాయలు ఎలా ఉండేవాడు? తిరుమల గుడిలోని విగ్రహం ఒకటి మనకు ఆధారం. ఆయన ఆస్థానకవులు చెప్పిన పద్యాలున్నాయి, కానీ ప్రబంధ కవి రాజును వర్ణిస్తే ఎలా వర్ణిస్తాడో మీకు తెలుసు. చంద్రుడు, మన్మథుడు, కల్పవృక్షం వస్తాయి. ముఖం మీద మచ్చలు రావు. ఆ మచ్చలు చూసి రాసినవాడు దొమింగు పయిష్ అనే పోర్చుగీసు మనిషి. సుమారు 1520లో క్రిష్టోవాఁవ్ ద ఫిగెయ్‌రెదు అనే వర్తకుడి బృందంతో కలిసి విజయనగరం వెళ్ళాడు. రాయలు మధ్యరకం ఎత్తు మనిషి అని, ఒంటి రంగు తెలుపని, సన్నం కాకుండా కాస్త ఒళ్ళున్నవాడని, ముఖం మీద మశూచి మచ్చలున్నాయని రాశాడు. తెల్లవారక ముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించి, బరువులు ఎత్తి, మల్లులతో కుస్తీ పట్టి, గుర్రమెక్కి తిరిగేవాడని రాశాడు. కొండెక్కి ఊరు చూడబోతే కొండల మధ్య దాగిన భాగం కనబడలేదని, కనబడినంత మేరకే అది రోము నగరమంత ఉందని రాశాడు. తొమ్మిది రోజుల మహర్నవమి ఉత్సవాన్ని రోజు వెంట రోజు వర్ణించాడు. ఏనుగులు, గుర్రాలు, మల్లయుద్ధాలు, నాట్యకత్తెలు, బాణసంచా, బలులు అన్నీ ఉన్నాయి అందులో.

ఆ తర్వాత పదిహేనేళ్ళకు, అచ్యుతరాయల కాలంలో, ఫెర్నాఁవ్ నూనిష్ అనే గుర్రాల వర్తకుడు విజయనగరంలో సుమారు మూడేళ్ళు ఉన్నాడు. అతను రాజవంశాల చరిత్రను మొదటి నుంచీ అక్కడి మనుషుల నోట విని రాసుకున్నాడు. 1520లో జరిగిన రాయచూరు యుద్ధం గురించి ఇంత వివరంగా రాసినవాళ్ళు అరుదు.

ఈ రెండు రాతలూ ఏమయ్యాయో వినండి. గోవా నుంచి లిస్బన్‌కు చేరాయి. శతాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు. రాతప్రతి చివరకు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయానికి చేరింది. 1897లో దావిద్ లోపిష్ అనే పోర్చుగీసు పండితుడు వాటిని లిస్బన్‌లో అచ్చు వేయించాడు. మద్రాసు ప్రభుత్వంలో ఉద్యోగం చేసిన రాబర్ట్ స్యూయెల్ 1900లో వాటిని ఇంగ్లీషులోకి మార్చి, తన విజయనగర చరిత్ర గ్రంథంలో చేర్చాడు. అప్పటి నుంచి మన పాఠ్యపుస్తకాల్లో, వ్యాసాల్లో, నవలల్లో, సినిమాల్లో రాయలవారి గురించి వచ్చే సంగతుల్లో చాలా భాగం స్యూయెల్ ఇంగ్లీషు మీద ఆధారపడి ఉన్నాయి.

అంటే మన రాజును ఒక పోర్చుగీసువాడు చూశాడు. అతను రాసింది ఒక ఇంగ్లీషువాడు చదివాడు. ఆ ఇంగ్లీషును మనం చదువుతున్నాం. స్యూయెల్ మంచి పండితుడు, ఆయన చేసిన మేలు చిన్నది కాదు. కానీ నూట పాతికేళ్ళుగా ఒకే అద్దంలో మన ముఖం చూసుకుంటున్నామన్న మాట మాత్రం నిజం.

దీనివల్ల వచ్చే చిక్కేమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. ఆ రాతల్లో 'బిస్నగ' అని ఉంటుంది. అది విజయనగరం. 'వి' అక్కడ 'బి' అయింది, 'జ' 'స' అయింది, చివర 'రం' పోయింది. ఇప్పటి పోర్చుగీసు నిఘంటువులో 'బిస్నగ' కోసం వెతికితే పళ్ళపేస్టు గొట్టం అని వస్తుంది! 'దిగరి' అని ఒక కోట ఉంటుంది. తెలుగు తెలియని పోర్చుగీసు పండితుడికి అది పజిల్. మీరు రెండుసార్లు బిగ్గరగా చదివితే నెల్లూరు సీమలోని ఉదయగిరి వినిపిస్తుంది. 'రాచోల్' అని ఉంటుంది. అది రాయచూరు. కానీ గోవాలో కూడా రాచోల్ అనే ఊరు, కోట ఉన్నాయి. పేరు చూసి పొరబడితే యుద్ధం తుంగభద్ర, కృష్ణల మధ్య నుంచి పడమటి సముద్రం ఒడ్డుకు వెళ్ళిపోతుంది. 'పర్దావ్' అని ఒక నాణెం వస్తుంది. అది విజయనగరపు వరహా. దూరాలు 'లేగువ'ల్లో ఉంటాయి. ఇలా ప్రతి పుటలోనూ పోర్చుగీసు తెలిసి, దానితో పాటు తెలుగో కన్నడమో కూడా తెలిసిన మనిషి అవసరం. రెండూ తెలిసినవాళ్ళు ఎంతమంది? చేతివేళ్ళు చాలవనిపించే పరిస్థితి రావాలని నా కోరిక.

పయిష్, నూనిష్ ఇద్దరే కాదు. 1516 ప్రాంతంలో దువార్తె బర్బోజ రాసిన గ్రంథంలో విజయనగరం ఉంది. 1563లో గోవాలో గార్సియ ద ఒర్త అనే వైద్యుడు మన మూలికల మీద, మందుల మీద పుస్తకం అచ్చు వేయించాడు. ఇవి అచ్చయినవి. అచ్చు కానివి ఇంకా ఎక్కువ. పణజీలోని గోవా ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో, లిస్బన్‌లోని తొర్రె దు తొంబు ఆర్కైవ్స్‌లో కట్టలు కట్టలుగా ఉత్తరాలు, లెక్కలు, ఒప్పందాలు ఉన్నాయి. రుతుపవనాల గాలికి బయలుదేరే ఓడల్లో గోవాకూ లిస్బన్‌కూ మధ్య నడిచిన ప్రభుత్వ ఉత్తరాలకు 'వర్షకాలపు పుస్తకాలు' అనే పేరే ఉంది. జెట్టీలో ఓడ కోసం ఎదురు చూసి, గాలి బాగుంటేనే ప్రయాణం అని నేర్చుకున్న మన దీవుల పిల్లలకు ఆ పేరు వెంటనే అర్థమవుతుంది.

*తెలుగు తెలిసినవాడికి ఏది సులువు, ఏది కష్టం*

విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం చాలా వరకు భాషే. పలకడం, వినడం, చదవడం, రాయడం. యూరప్ భాషలకు ఎ1 నుంచి సి2 వరకు ఆరు మెట్లు ఉన్నాయి. బి2 మెట్టు చేరితే గానీ నవలను ధీమాగా చదవలేరు. ఇంగ్లీషు ఒక్కటే తెలిసినవాడి కంటే మనకు ఇందులో కొన్ని వసతులు ఉన్నాయి. ఆ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

తెలుగులో "వస్తాను" అంటే చాలు, "నేను" అనక్కర్లేదు. క్రియ చివరే మనిషి ఉన్నాడు. పోర్చుగీసులోనూ అంతే. 'ఫాలు' అంటే మాట్లాడతాను, 'ఫాలమూష్' అంటే మాట్లాడతాము. ఇంగ్లీషు అలవాటుతో ప్రతి వాక్యానికీ కర్త తగిలించేవాడు తడబడతాడు, మనం తడబడం.

ఇంకొకటి ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషులో "ఆమె టీచరు", "ఆమె ఇంట్లో ఉంది" అనే రెండు వాక్యాలకూ ఒకే క్రియ వాడతారు. పోర్చుగీసులో రెండు వేరు వేరు క్రియలు. మొదటిదానికి 'సేర్', రెండోదానికి 'ఇష్తార్'. ఏది ఎక్కడ వాడాలో తెలియక విదేశీ విద్యార్థులు నెలల తరబడి తికమక పడతారు. మన తెలుగు వాక్యాలు చూడండి. "ఆమె టీచరు" అన్నప్పుడు క్రియే లేదు. "ఆమె ఇంట్లో ఉంది" అన్నప్పుడు 'ఉంది' వచ్చింది. తెలుగులో క్రియ లేకుండా వాక్యం నడిచిన చోట 'సేర్', 'ఉంది' వచ్చిన చోట 'ఇష్తార్' అనుకుంటే చాలా సందర్భాల్లో సరిపోతుంది. అన్ని చోట్లా సరిపోదు. మిగిలినవి వాడుకలో వస్తాయి.

కష్టమైనది ముక్కుతో పలికే శబ్దం. 'లైలాఁవ్'లో, రొట్టె అనే అర్థమున్న 'పాఁవ్'లో వచ్చేది అదే. ముంబయి పావ్ భాజీలో పావ్ ఈ రొట్టెనే, ముక్కు శబ్దం ఒక్కటి పోయింది. పాత తెలుగు పుస్తకాల్లో అరసున్న చూసే ఉంటారు. ఒకప్పుడు అది ఇలాంటి పలుకుకే గుర్తు. ఇప్పుడు మనం రాయడమూ మానేశాం, పలకడమూ మానేశాం. మీ హిందీ మాస్టారు 'చాఁద్' అని పలికించేటప్పుడు శ్రద్ధగా పలకండి, ఆ అభ్యాసం ఇక్కడ పనికొస్తుంది. వస్తువులకు ఆడ, మగ లింగభేదం కూడా హిందీ లాగే ఉంది. బల్ల 'మేజ' స్త్రీలింగం, పుస్తకం 'లివ్రు' పుంలింగం. కృతజ్ఞత చెప్పేటప్పుడు అబ్బాయి 'ఒబ్రిగాదు' అంటాడు, అమ్మాయి 'ఒబ్రిగాద' అంటుంది.

పోర్చుగీసువాళ్ళు తమ భాషలో అనువాదానికి లొంగని మాట ఒకటుందని గర్వంగా చెప్పుకుంటారు. అది 'సౌదాద'. దూరమైన మనిషి మీద, ఊరి మీద, గడిచిపోయిన రోజుల మీద ఉండే తీయని దిగులు అని వివరిస్తారు. ఇంగ్లీషువాళ్ళకు నిజంగానే లొంగలేదు. హాస్టల్లో చేరిన మొదటి వారం రాత్రిపూట మీకు కలిగినదాన్ని మీ అమ్మ ఏ మాటతో చెప్పింది? "బెంగ పెట్టుకున్నాడు" అంది. పూర్తిగా అదే కాకపోయినా బెంగ దానికి దగ్గరి చుట్టమే. ఆ దిగులు మీదే 'ఫాదు' అనే పాటల సంప్రదాయం లిస్బన్‌లో పుట్టింది. 2011లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

సాహిత్యం రెండో మెట్టు. ఇక్కడ పోర్చుగల్ ఒక్కటే ఉంటుందనుకుంటే పొరపాటు. పోర్చుగీసు మాట్లాడేవాళ్ళు ప్రపంచంలో 25 కోట్లకు పైగా ఉన్నారు; వాళ్ళలో అత్యధికులు బ్రెజిల్ వాళ్ళు. ఆఫ్రికాలో అంగోలా, మొజాంబిక్, గినీ బిసావ్, కేప్ వెర్డి, సావ్ తొమె, మనకు తూర్పున తిమోర్ లెస్తె దేశాల్లో అది అధికార భాష. లూయిష్ ద కమోఇఁష్ 1572లో అచ్చు వేసిన 'లుజియదష్' ఈ భాషకు ఆదికావ్యం లాంటిది. పది సర్గల్లో వాస్కో డ గామా భారత యాత్రను పాడాడు. ఆయన గోవాలో ఉన్నవాడే. అందులో సముద్రం గొప్పగా ఉంటుంది. మన తీరం వాళ్ళ కళ్ళతో కనబడుతుంది. చదువుతూంటే మెచ్చుకోవాలనీ ఉంటుంది, గొడవ పడాలనీ ఉంటుంది. రెండూ చేయండి. గోవాలో 1560 నుంచి 1812 వరకు, మధ్యలో కొద్ది ఏళ్ళు తప్ప, మతవిచారణ న్యాయస్థానం నడిచింది. జనం భయంతో బతికారు. భాష చదవడమంటే ఆ పాలనను మెచ్చుకోవడం కాదు. నేరస్థుడి డైరీ చదవాలంటే నేరస్థుడి భాష రావాలి కదా.

నాకు మాత్రం బ్రెజిల్ రచయిత మషాదు ద అసిస్ అంటే మక్కువ. 1839లో రియోలో ఒక పేద ఇంట్లో పుట్టాడు. తండ్రి గోడలకు రంగులు వేసే పనివాడు, ఆ తండ్రి తల్లిదండ్రులు బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళు. కాలేజీ గుమ్మం తొక్కకుండానే బ్రెజిల్ సాహిత్య అకాడమీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1881లో ఆయన అచ్చు వేసిన నవలలో కథ చెప్పేవాడు అప్పటికే చచ్చిపోయినవాడు. చచ్చిపోయాడు కాబట్టి ఎవరికీ భయపడకుండా నిజం చెబుతాడు! పోర్చుగల్ వైపు ఫెర్నాందు పెసోవ వేరు వేరు పేర్లతో, ఒక్కో పేరుకు ఒక్కో జీవితం, ఒక్కో శైలి కల్పించి కవిత్వం రాశాడు. 1998లో నోబెల్ అందుకున్న జుజె సరమాగు భూమిలేని రైతుకూలీల ఇంట పుట్టి, మెకానిక్ పని చేసి రచయిత అయ్యాడు. మొజాంబిక్ రచయిత మియ కోతు జీవశాస్త్రవేత్త కూడా. గోవావాళ్ళు రాసిన పోర్చుగీసు సాహిత్యం ప్రత్యేక పాఠ్యాంశం. ఫ్రాన్సిస్కు లూయిష్ గోమిష్ నవల 'బ్రాహ్మణులు' 1866లో వచ్చింది. సైన్సు గ్రూపు తీసుకున్న పిల్లలు కూడా చదివే పావ్లు కొయెల్యు 'ఆల్కెమిస్ట్' మొదట రాసింది ఇంగ్లీషులో కాదు, పోర్చుగీసులోనే.

పై మెట్టులో పాత రాతలు చదివే విద్య వస్తుంది. 16వ శతాబ్దపు చేతిరాతలో సగం మాటలను కుదించి రాసేవారు. దాన్ని చదవడం ప్రత్యేకంగా నేర్చుకోవాలి. పయిష్ దగ్గరికి నేరుగా వెళ్ళే దారి అదే.

*ఎక్కడ చదవాలి*

మన దేశంలో ఈ చదువుకు మొదటి పేరు గోవా విశ్వవిద్యాలయం. పణజీ దగ్గర తాళెగావ్ పీఠభూమి మీద ఉంది. అక్కడ పోర్చుగీసులో ఎం.ఏ., పరిశోధన కూడా చేయవచ్చు. బయట అడుగుపెడితే ఊరంతా పాఠ్యపుస్తకమే. ఇళ్ళ మీద పేర్లు, పాత దస్తావేజులు, వంటలు, ముసలివాళ్ళ మాటలు అన్నీ పనికొస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జర్మానిక్, రొమాన్స్ భాషల శాఖ ఉంది. అందులో పోర్చుగీసు సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఉంటాయి. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో స్పానిష్, పోర్చుగీస్, ఇటాలియన్, లాటిన్ అమెరికా అధ్యయన కేంద్రం ఉంది. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదవవచ్చు. స్పానిష్, పోర్చుగీసు అక్కచెల్లెళ్ళు. ఒకటి వస్తే రెండోది సగం వచ్చినట్టే. ప్రవేశ నిబంధనలు, ఏ కోర్సు ఏ ఏడు నడుస్తుందన్నది మారుతూ ఉంటాయి. ఆ ఏడు ప్రాస్పెక్టస్ మీరే తెరిచి చూడండి, అన్నయ్య చెప్పాడనో సీనియర్ చెప్పాడనో నమ్మి ఓడెక్కకండి.

దేశం దాటాలనుకునేవాళ్ళకు 1290లో స్థాపించిన కోయింబ్ర విశ్వవిద్యాలయం ఉంది. లిస్బన్ ఉంది. రెండు చోట్లా విదేశీయులకు భాష, సంస్కృతి కోర్సులు నడుస్తాయి. పోర్చుగల్ ప్రభుత్వానికి చెందిన కమోఇఁష్ సంస్థ ఉపకారవేతనాలు ఇస్తుంది.

ఉద్యోగం మాటేమిటని మీ నాన్నగారు అడుగుతారు. అడగాలి కూడా. అబద్ధం చెప్పకూడదు: ఇంజనీరింగులో ఉన్నన్ని ఉద్యోగాలు ఇందులో లేవు. ఉన్నవాటికి పోటీపడేవాళ్ళు కూడా తక్కువే. హైదరాబాదు మందుల కంపెనీలు బ్రెజిల్‌కు సరుకు పంపుతున్నాయి. ఆ పెట్టెల మీదా లోపలి కాగితాల మీదా పోర్చుగీసు ఉండాలి. మన ప్రభుత్వ చమురు సంస్థకు మొజాంబిక్‌లోనూ బ్రెజిల్‌లోనూ వాటాలున్నాయి. విదేశాంగ శాఖలో చేరిన అధికారులకు ఒక విదేశీ భాష తప్పనిసరి, ఆ భాషల్లో పోర్చుగీసు ఒకటి. గోవాలో కుటుంబ ఆస్తుల విషయంలో 1867 నాటి పోర్చుగీసు పౌరస్మృతి నేటికీ అమలులో ఉంది. పాత భూమి పత్రాలు ఆ భాషలోనే ఉన్నాయి కాబట్టి లాయర్లకు అనువాదకులు కావాలి. ఒక్క భాషనే నమ్ముకోకుండా చరిత్రో న్యాయశాస్త్రమో వాణిజ్యమో జతచేసుకున్నవాళ్ళకు దారి విశాలంగా ఉంటుంది. మార్కులు రానివాళ్ళే భాషలు చదువుతారనే మాట మన స్టాఫ్ రూముల్లో కూడా వినబడుతుంది. పయిష్ రాత ఒక పేజీ చదివి అర్థం చెప్పమనండి ఆ మాట అన్నవాళ్ళను.

పన్నెండో తరగతి అయ్యాక మాయాబందర్‌లోనో శ్రీ విజయపురంలోనో డిగ్రీ చేస్తూనే భాష మొదలుపెట్టవచ్చు. చరిత్ర డిగ్రీ అయితే ఇంకా మంచిది. రోజుకు అరగంట, కొత్త మాటలు పది, బిగ్గరగా చదవడం. ఇంటర్నెట్ సరిగా అందని రోజుల కోసం పాఠాలు ముందే దించి పెట్టుకోండి, లేదా ఒక అచ్చు వ్యాకరణ పుస్తకం తెప్పించుకోండి. అదృష్టం కొద్దీ క్రియారూపాల పట్టికలకు నెట్‌వర్క్ అక్కర్లేదు.

*అభ్యాసం*

1. మీ తరగతిలో తెలుగు, తమిళం, మలయాళం, బెంగాలీ, హిందీ మాట్లాడే ఐదుగురు మిత్రులను కూర్చోబెట్టి ఈ వస్తువుల పేర్లు రాయించండి: తాళంచెవి, అల్మారా, కిటికీ, మేకు, కుర్చీ, తువాలు, బొత్తాము, అనాస, వేలం. ఏవి ఒకే కుటుంబం? మలయాళంలో కుర్చీ మిగిలినవాటితో ఎందుకు కలవదు? దానికి మూలం పోర్చుగీసు 'కదెయ్‌ర'. ఎలా మారిందో చెప్పండి.

2. మీ అమ్మమ్మనో నానమ్మనో అడిగి బొప్పాయికి వాళ్ళ ఊళ్ళో ఉన్న పాత పేర్లు తెలుసుకోండి. 'పరంగి' అనే మాట ఎక్కడైనా వస్తే ఎందుకు వచ్చిందో రాయండి.

3. నూనిష్ రాతలో కనిపించే ఈ రెండు పేర్లు ఎవరివో, ఏ ఊరివో కనుక్కోండి: 'కొందెపల్లిర్', 'సల్వతినెయ'. మొదటిది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు వెంటనే చెప్పేస్తారు, బొమ్మలకు పేరుపడిన ఊరు. రెండోది కష్టం. అది ఊరు కాదు, మనిషి. 'వ'కూ 'తి'కీ మధ్య కొంచెం ఆగి చదవండి, తర్వాత రాయల మంత్రి పేరు గుర్తుచేసుకోండి.